ముప్పై ఒకటో నంబరు కవరు

పోయిన వారం కన్యకను పాత బిస్కెట్ల రేకు డబ్బా ముందు, చేతిలో చీటీతో నిలబెట్టి వదిలేశాం. వారం రోజులుగా ఆ పిల్ల అక్కడే నిలబడి ఉందేమోనని బెంగ పెట్టుకోకండి. కథలో గడిచింది ఇరవై నిమిషాలే. ఆ ఇరవై నిమిషాల్లో ఆమె చీటీని ఆరుసార్లు చదివింది. ఆరుసార్లూ అందులో ఒక్కటే మాట ఉంది, చీటీలు రాసే సీతాలక్ష్మి గుండ్రటి అరవ అక్షరాల్లో. ‘ఖాళీ’.

ఆ ఒక్క మాటకు కన్యక కాళ్ళ కింద నేల ఎందుకు కదిలిందో, మధ్యలో వచ్చి చేరిన వాళ్ళ కోసం మళ్ళీ చెప్పుకుందాం. నాలుగేళ్ళుగా ఆమె చేస్తున్న పని బంగారు తీగలు తెంచడం. వెంట్రుకలో వెయ్యో వంతు మందం ఉండే తీగ. దాన్ని ముందు ఒక ద్రావణంలో ముంచుతారు. ఆ ద్రావణంలోని అణువుల్లో ఒక్కొక్కదాని నడుమా నాలుగు ఇనుప పరమాణువులు కూర్చుని ఉంటాయి. ఆ నాలుగూ కలిసికట్టుగా ఒక బుల్లి అయస్కాంతంలా నడుచుకుంటాయి. తీగను ద్రవ హీలియం చలిలో పెట్టి కరెంటు కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోతే, బంగారం పక్కకు జరిగి జరిగి ఒకచోట తెగుతుంది. అదృష్టం బాగుంటే ఆ సందులో సరిగ్గా ఒక్క అణువు వచ్చి ఇరుక్కుంటుంది. అప్పుడు కరెంటు ధారగా పోదు, ఎలక్ట్రాన్లు ఒకదాని తరవాత ఒకటి అణువును అడిగి దాటుతాయి. దాటే తీరును బట్టి లోపలి అయస్కాంతం ఎలాంటిదో తెలుస్తుంది. ఒక్క అణువులో సమాచారం దాచే రోజు ఎప్పటికైనా వస్తే, దానికి పునాది ఇలాంటి కొలతలే.

అదృష్టం బాగోకపోతే ఆ సందులో అణువుకు బదులు బంగారు నలుసు మిగిలిపోతుంది. దాంట్లోంచి కూడా ఎలక్ట్రాన్లు ఒక్కొక్కటిగానే పోతాయి. తెర మీద గీతను చూసి అణువో నలుసో చెప్పడం తల పండిన వాళ్ళకే కష్టం. అందుకే ప్రొఫెసర్ గోపాలస్వామి పాతికేళ్ళ కిందటే తన ల్యాబులో ఒక ఆచారం పెట్టాడు. ఈ తీగలు పరిచిన ప్రతి పది చిప్‌లలో మూడింటిని అణువులు లేని ఉత్త ద్రావకంలో ముంచాలి. ఆ మూడూ ఏవో కొలిచే మనిషికి తెలియకూడదు. ముంచే మనిషి చీటీ రాసి కవరులో పెట్టి అంటించి డబ్బాలో వేస్తుంది. కొలత పూర్తయ్యాకే కవరు తెరవాలి, కొలిచిన వాళ్ళూ ప్రొఫెసరూ ఇద్దరూ చూసి రిజిస్టరులో సంతకం చేయాలి.

ముప్పై ఒకటో చిప్ మీద వచ్చిన గీతతో ఈ ల్యాబు పేరు పైకొచ్చింది. జనవరిలో సైన్సు పత్రికలో పేపరు అచ్చయింది. అందులో మొదటి పేరు కన్యకది. ఆమె థీసిస్ మొత్తం ఆ ఒక్క గీత మీద నిలబడి ఉంది. థీసిస్ వెనక అతికించడానికి కవర్ల ఫోటోలు తీద్దామని డబ్బా తెరిస్తే, ఆ ముప్పై ఒకటో కవరులోంచి ఈ చీటీ ఊడిపడింది.

కన్యక చీటీ తీసుకుని మొదటి అంతస్తులో ఉన్న గోపాలస్వామి సార్ గదికి బయలుదేరింది. అగ్ని నక్షత్రం, మే నెల మండుటెండల రోజులు, మధ్యాహ్నం మూడు దాటింది, వరండా గచ్చు చెప్పులోంచి కూడా కాలుతోంది. నిజం చెప్పాలంటే అప్పటికి ఆమెకు కోపం లేదు. ఉన్నదంతా జాలి. ఈ మాట వింటే సార్ ఏమైపోతారో, అరవై మూడేళ్ళ మనిషి, బీపీ ఉన్న మనిషి అనుకుంటూ మెట్లెక్కింది. మెల్లగా చెప్పాలి, ముందు మంచినీళ్ళు ఇచ్చి చెప్పాలి అని కూడా అనుకుంది. అంత వెర్రిబాగుల పిల్ల.

గోపాలస్వామి మైలాపూరు మనిషి. వాళ్ళ తాతముత్తాతలు ఏ కాలంలో ఈ అరవ ఊరొచ్చారో వాళ్ళకే లెక్క తెలియదు, ఇంట్లో మాత్రం ఇప్పటికీ తెలుగే. కన్యక చేరిన మొదటి రోజునే “పెరంబూరు తెలుగు పిల్లవా? అయితే మనమూ మనమూ ఒకటే పో” అని నవ్వాడు. ఆ ఒక్క మాటకే ఆమె నాలుగేళ్ళు ఆయన గీసిన గీత దాటలేదు.

ఆమె వెళ్ళేసరికి ఆయన టేబుల్ మీద టిఫిన్ డబ్బా పెట్టుకుని తాటి ముంజలు ఒలుస్తున్నాడు.

“రా మా, కూర్చో. మా ఇంటామె పంపిచ్చింది, రొంబ లేతగా ఉండాయి. రెండు తిను.”

“సార్, ముప్పై ఒకటి ఖాళీ చిప్ సార్.” మెల్లగా చెప్పాలనుకున్నదంతా గడప దగ్గరే మరిచిపోయింది. చీటీ ఆయన ముందు పెట్టింది.

ఆయన చీటీ చూశాడు. చేతి రుమాలుతో వేళ్ళు తుడుచుకున్నాడు. ముంజల నీళ్ళు తగలకుండా చీటీని రెండు వేళ్ళతో పక్కకు జరిపాడు. నిమ్మకు నీరెత్తినట్టు ఉంది ఆ ముఖం.

“దీన్ని ఎందుకు బయటికి తీసినావు?” అన్నాడు.

ఇదేమిటి అనలేదు. అలా ఎలా జరిగింది అనలేదు. ఎందుకు తీశావని అడిగాడు. మోసే బరువు ఎవరో లాగేసినట్టు కన్యకలో ఆ జాలంతా ఒక్కసారిగా పోయింది. దాని స్థానంలోకి వచ్చినదానికి పేరు పెట్టుకోవడానికి ఆమెకు కొంచెంసేపు పట్టింది.

“మీకు తెలుసు,” అంది.

“కూర్చో ముందు.”

“ఎప్పటినుంచి తెలుసు సార్?”

“కూర్చోమంటా ఉండా కదా.”

“నేను నిలబడే ఉంటా. ఎప్పటినుంచి?”

ఆయన ఇంకో ముంజ చేతిలోకి తీసుకుని గోటితో పైపొర తీయడం మొదలుపెట్టాడు. “పోయిన ఆడి నెల నుంచి. ఢిల్లీ నుంచి వచ్చిన ఆదివారం తెరిచినా.”

ఆడి నెల అంటే పోయిన జులై, పది నెలలు. పేపరు పంపింది ఐప్పశిలో, అక్టోబరు నెలాఖరున. అంటే తెలిసి పంపాడు. ఆ సంగతి ఆమె బుర్రలోకి తరవాత ఎక్కింది. ముందు ఎక్కింది వేరే సంగతి. ఆ ఆడి నెల నుంచి ఈ నెల దాకా ఆమె ఆ గీతను రెండోసారి తెప్పించాలని అణువుల్లో ముంచిన చిప్‌లు పందొమ్మిది తెంచింది. పందొమ్మిదింటిలో ఒక్కదానిలోనూ రాలేదు. ప్రతిసారీ ఈ మనిషి ఈ కుర్చీలోనే కూర్చుని “నీకు చెయ్యి కుదురు లేదు మా. ఆ ముప్పై ఒకటో రోజున ఉన్న నిదానం ఇప్పుడు లేదు” అని చెప్పాడు. ఆమె నమ్మింది. కరెంటు పెంచే మీట మీద తన వేళ్ళు వణుకుతున్నాయని నమ్మింది. మాసిలో, ఫిబ్రవరి చివర, ఒకరోజు సెలవు పెట్టి, ఇంట్లో చెప్పకుండా, నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళి రెండు చేతులూ చాపి చూపించుకుంది. డాక్టరు చేతులకేం రోగం లేదు, నిద్రపోమ్మా అన్నాడు. మైలాపూరు స్టేషనులో రైలు కోసం నిలబడి, అందరూ చూస్తుండగా ఏడ్చింది.

కన్యకకు ఒళ్ళు మండిపోయింది.

“నా చేతులకు రోగమొచ్చిందని డాక్టరు దగ్గరికి పోయినా సార్,” అంది. “చెయ్యి కుదురు లేదని చెప్పినారు కదా, అందుకు పోయినా. సందులో నలుసు ఉండాదని తెలిసి చెప్పినారు. ఆ గీత మళ్ళీ రాదని తెలిసి, తెచ్చి చూపించమని పది నెలలు నన్ను తోలినారు.”

“రాదని ఎవరు చెప్పినారు?” ఇప్పుడు ఆయన గొంతూ లేచింది. “ఆ గీత చూసినావు కదా నువ్వు. గీతలో కరెంటు ఎక్కే మెట్టు రెండుగా చీలి ఉండాది. బయటి అయస్కాంతం ఆపేసినా, సున్నాలో పెట్టినా చీలిక పోలేదు. బంగారు నలుసుకు ఆ గుణం యాడ నుంచి వస్తాది? అది ఇనుము ఉండే అణువుకే దా వస్తాది.”

“నలుసులో రెండు మెట్లు దగ్గర దగ్గరగా పడినా అట్లే కనిపిస్తాది. మీరే నేర్పించినారు నాకు, మొదటి సంవత్సరంలో, ఆ బోర్డు మీద.”

“ద్రావకంలోకి అణువు ఒకటి వచ్చి చేరి ఉండొచ్చు. సీసా మూత తీసినప్పుడు, పట్టకారు అంటుకుని. ఒక్కటి చాలదా?”

“అట్లయితే మిగతా ఖాళీ చిప్‌లలో ఒక్కదాంట్లోనైనా ఎందుకు రాలేదు? అణువుల్లో ముంచి తీసినవి పందొమ్మిది. వాటిల్లో ఎందుకు రాలేదు? అణువులు ఉండే దాంట్లో రాకుండా, లేనిదాంట్లోనే వెతుక్కుంటా పోయి కూర్చునిందా సార్ మీ అణువు?”

ఇలాంటి మాట ఆ గదిలో ఏ విద్యార్థీ అని ఉండడు. అన్నాక కన్యకకు వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు.

గోపాలస్వామి ముంజను డబ్బాలో పడేసి ఫోన్ ఎత్తాడు. “సీతాలక్ష్మిని రమ్మను,” అని పెట్టేశాడు. తరవాత కన్యకతో, “ఖాళీ అని రాసిన మనిషే తప్పు రాసి ఉంటే?” అన్నాడు. చాలా మామూలుగా అన్నాడు. అంత మామూలుగా అనడానికి ఎన్ని రోజులు సాధన చేశాడో మనకు తెలియదు.

సీతాలక్ష్మి వ్యాసర్‌పాడి మనిషి. యాభై దాటింది. ఈ ల్యాబులో చిప్‌లు ముంచేది, కడిగేది, చీటీలు రాసేది ఆమే. ఇరవై రెండేళ్ళుగా ఏడాదికోసారి పొడిగించే కాంట్రాక్టు మీదే ఉంది. చేతులకు తొడుగులు తీయకుండానే లోపలికొచ్చి ఇద్దరి ముఖాలూ చూసి, టేబుల్ మీద తన చీటీ చూసింది.

“సీతా, ఇది నువ్వు రాసిందేనా?”

“ఆమాం సార్. నా రాతే.”

“పోయిన ఆడిలో నీకు కన్ను ఆపరేషన్ అయింది కదా. అప్పుడు సరిగా కనిపించేది కాదు కదా నీకు?”

కన్యక పళ్ళు కొరుక్కుంది. ఈయన అడగడం లేదు, చెప్పిస్తున్నాడు. సీతాలక్ష్మికీ అది తెలిసినట్టే ఉంది. తొడుగులు ఒక్కొక్క వేలే లాగి తీసి, మడిచి, చీర కొంగు కింద పెట్టుకుంది.

“ఆపరేషన్ అయినది పురట్టాశిలో సార్, ఆడి అయిన రెండు నెలలకు. ఆడిలో కాదు.”

“ఏదో ఒక నెల. మనిషన్నాక పొరపాటు రాదా?”

“వస్తాది సార్. దానికే నేను ఖాళీవి పొద్దున రాంగానే ముంచేస్తా. అణువుల సీసా బీరువాలో నుంచి బయటికి తీసే ముందర. సీసా మూత తెరిచినాక నేను ఖాళీ చిప్ ఒక్కదాన్ని కూడా తాకను. వాటికి పట్టకారు వేరే, గిన్నె వేరే. మీరు చెప్పింది కాదు ఇది, నేనే పెట్టుకున్నా. ఆ పట్టకారు పట్టిన చోట ఎడమ మూల గీత పడతాది, రెండోదానికి కుడి మూల. కావాలంటే చిప్ ఎత్తుకొచ్చి భూతద్దం కింద చూడండి. ఎడమ పక్క లేకుంటే నా కాంట్రాక్టు ఈ దినమే చించేయండి.”

కన్యకకు సీతక్క చేతులు పట్టుకోవాలనిపించింది. నాలుగేళ్ళుగా రోజూ కలిసి టీ తాగిన మనిషి. ఎడమ మూల సంగతి తనకు కూడా ఎప్పుడూ చెప్పలేదు. చెప్తే కొలిచే మనిషికి తెలిసిపోతుంది, ఆచారం చెడిపోతుంది. అందుకని చెప్పలేదు. ఈ ల్యాబులో ఆచారం పెట్టిన వాడు ఒకరు, పాటించిన మనిషి ఒకరు.

“జూన్‌లో నీ కాంట్రాక్టు కాగితం నా టేబుల్ మీదికే వస్తాది సీతా,” అన్నాడు గోపాలస్వామి.

“తెలుసు సార్.”

“అయితే పో. పోయి పని చూసుకో.”

ఆమె తలుపు దాకా వెళ్ళింది కానీ బయటికి పోలేదు. అక్కడే గోడకు ఆనుకుని నిలబడింది.

“ఆమె పొట్ట మీద కొడతారా?” కన్యక అరిచింది. మొదటిసారి అరిచింది. “మీ గీత కోసం, తప్పు రాయని మనిషి చేత తప్పు రాసినానని చెప్పిస్తారా? సిగ్గు లేదా సార్ మీకు?”

గోపాలస్వామి ముఖం ఎర్రబడింది. లేచి నిలబడ్డాడు. కిటికీ దగ్గరికెళ్ళి, తిరిగొచ్చి, మళ్ళీ కూర్చున్నాడు. కూర్చునేసరికి ఆయన గొంతు వేరేగా ఉంది.

“ముప్పై ఏండ్లు ఆ గీత కోసం ఎదురు చూసినా మా. నీకేం తెలుసు? నువ్వు పుట్టక ముందు నుంచి. నీ తెర మీద ఆ చీలిక కనిపించిన రోజు, నువ్వు ఇంటికి పోయినాక, నేను ఒక్కణ్ణే ఆ యంత్రం పక్కన కూర్చుని ఏడ్చినా. ఆ ఆదివారం కవరు తెరిచినా. చీటీ చూసినా. ఇది నిజం కాదు, ఈ చీటీయే అబద్ధం అనిపించింది నాకు. దేవుని మీద ఒట్టు, అట్లే అనిపించింది.”

“అట్లయితే చీటీ ఎందుకు చించెయ్యలేదు?”

ఆయన చీటీ వైపు చూశాడు.

“చేతులు రాలేదు,” అన్నాడు.

ఒక క్షణం, ఒకే ఒక్క క్షణం, కన్యక కోపం తడబడింది. తప్పని తెలిసి పేపరు పంపడానికి చేతులొచ్చి, చీటీ చించడానికి చేతులు రాని మనిషి. తాను పెట్టిన ఆచారాన్ని తానే పూడ్చిపెట్టి, దాని మీద మట్టి కప్పకుండా వదిలేశాడు. ఆ క్షణంలో ఆయన ఊరుకుని ఉంటే, ఏమో, ఈ కథ మరోలా నడిచేదేమో. కానీ ఆయన ఊరుకోలేదు. సొరుగు లాగి కవర్ల రిజిస్టరు తీశాడు. పేజీ వెతకాల్సిన పని కూడా లేకపోయింది, అక్కడ గుర్తు పెట్టి ఉంది.

“చూడు,” అన్నాడు.

ముప్పై ఒకటో వరస. కవరు తెరిచిన తేదీ. ‘లోపల ఏముంది’ అన్న గడిలో గోపాలస్వామి రాత: అణువు ఉంది. దాని పక్కన ఆయన సంతకం. ఆయన సంతకం పక్కన కన్యక సంతకం.

కన్యక వంగి చూసింది. ఆ సంతకం దొంగది కాదు. తనదే. సార్ తరచూ ఢిల్లీ పోతుంటారు, శని ఆదివారాల్లో వచ్చి కవర్లు తెరుస్తారు, ఆయన తెరిచే వేళకు తాను ఉండదు. “ముందే సంతకం పెట్టేసి పో మా, నేను వచ్చి నింపుకుంటా” అన్నారొకసారి. ఆ ఒకసారి రెండుసార్లయింది. రెండో సంవత్సరం నుంచి ప్రతి శుక్రవారం సాయంత్రం రైలు తప్పిపోతుందని హడావుడిగా, బ్యాగు భుజాన వేసుకుని, ఖాళీ వరసల కింద ఐదేసి సంతకాలు పెట్టి పరుగెత్తేది. ఆమె ఒక్కతే కాదు, ఆమెకు ముందు చేసిన వాళ్ళూ అంతే. ఈ ల్యాబులో దానికి ‘శుక్రవారం సంతకాలు’ అని పేరు కూడా ఉంది. నవ్వుకుంటూ పెట్టుకున్న పేరు.

చూడనిదాన్ని చూశానని సంతకం పెట్టింది. అణువు ఉందని తన చేత్తో సాక్ష్యం చెప్పింది.

“కొలిచింది ఎవరు? నువ్వు,” అన్నాడు గోపాలస్వామి. ఆయన అరవడం లేదు. పాఠం చెప్పే గొంతు. “పేపర్లో మొదటి పేరు ఎవరిది? నీది. కవరు తెరిచినప్పుడు చూసినానని సంతకం ఎవరిది? బయటికి పోయి చెప్పు, పో. ముందర అడిగేది నిన్నే. ముసిలోడు రెండేండ్లలో రిటైరు అయిపోతాడు, వాడికేం. నీకు డిగ్రీ ఉండదు, పేరు ఉండదు, ఇంకొక ల్యాబు వాకిట్లోకి రానీరు.”

కన్యకకు తన మీద తనకు కలిగినంత అసహ్యం ఆయన మీద కూడా కలగలేదు. ఆ చేత్తోనే ఆ పేజీని చించేయాలనిపించింది. బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

దాన్ని ఆయన లొంగుబాటు అనుకున్నాడు. గొంతు ఇంకా మెత్తబడింది.

“నీకు చెడుపు చెయ్యను మా. రేపు సెమినార్ ఉండాది కదా. బెంగళూరు, కోల్‌కతా నుంచి పెద్దవాండ్లు వస్తా ఉండారు, మూడొందల మంది. మొదటి ఉపన్యాసం నాది. అది నీకిచ్చేస్తా. నువ్వే మాట్లాడు. ఆ గీత నువ్వే చూపించు. ఈ చీటీ నాకిచ్చేసి పో. వచ్చే నెల నీ థీసిస్ మీద సంతకం చేస్తా.”

“మాట్లాడతా సార్,” అంది కన్యక.

“అదీ మాట.”

“ఆ గీత చూపిస్తా. దాని పక్కన ఈ చీటీ చూపిస్తా. దాని పక్కన ఈ పేజీ చూపిస్తా, నా సంతకంతో.” చీటీ మీద అరచెయ్యి పెట్టి తన వైపు లాక్కుంది. “నేను ఖాళీ చిప్‌ను కొలిచినా, కవరు చూడకుండా సంతకం పెట్టినా, నా పేపరు తప్పు అని చెప్తా. డిగ్రీ పోతే పోనీ. మీరు మాత్రం రేపటికల్లా ఇంకొక మాట వెతుక్కోండి, సీతక్క కన్నుల మాట చెల్లదు.”

గోపాలస్వామి, ఏమీ జరగనట్టు, తన సెల్‌ఫోన్ తీసి నంబరు నొక్కి స్పీకరు పెట్టి టేబుల్ నడుమ పెట్టాడు.

రెండు రింగులకే అవతల ఎత్తారు. వెనక ఇనుము మీద ఇనుము మోగే చప్పుళ్ళు, ఎవరో గట్టిగా నవ్వడం.

“సుందర్‌రాజ్, నేనప్పా, ప్రొఫెసర్ గోపాలస్వామిని.”

సుందర్‌రాజ్ కన్యక తండ్రి. పెరంబూరు రైలు కోచ్ ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళుగా వెల్డరు. కూతురు ఏం చదువుతుందో ఎవరైనా అడిగితే “మా పాప చేసే వెల్డింగు కంటికి కనపడదు” అని చెప్పుకునే మనిషి. ప్రొఫెసర్ పేరు వింటే కూర్చున్నచోట లేచి నిలబడే మనిషి.

“సార్! సార్, చెప్పండి సార్. పాప బాగుండాది కదా సార్?”

“బాగుండాది. ఒక సంతోషమైన సంగతి. రేపు పదిన్నరకు పెద్ద మీటింగ్‌లో నీ కూతురు మాట్లాడతా ఉండాది. మూడొందల మంది వస్తారు. నువ్వు, మీ ఇంటామె తప్పకుండా రావాల. ముందు వరసలో నా పక్కనే కుర్చీ వేయిస్తా.”

అవతల ఫోన్‌కు దూరంగా కేక. “రేయ్ పళనీ! మా పాప రేపు మీటింగ్‌లో మాట్లాడతాదంటరా! మూడొందల మంది ముందర!” ఎవరో ఈల వేశారు. ఎవరో రేకు మీద సుత్తితో దరువు వేశారు. మళ్ళీ తండ్రి గొంతు దగ్గరికొచ్చింది, ఊపిరి అందకుండా. “సార్, తప్పుగా అనుకోవద్దండి, మా షెడ్డులో పది పన్నెండు మంది వస్తామంటా ఉండారు. చిన్నప్పటి నుంచి చూసిన పిల్ల కదా సార్. వెనకాల నిలబడుకుంటారు. రావచ్చునా సార్?”

“అందరినీ తీసుకురా,” అన్నాడు గోపాలస్వామి, కన్యక కళ్ళలోకి చూస్తూ. “ఇదో, నీ కూతురు ఈడనే ఉండాది, మాట్లాడు.”

ఫోన్‌ను ఆమె వైపు తోశాడు. ఇక నీ ఇష్టం అన్నట్టు కుర్చీలో వెనక్కి వాలాడు. మూడొందల మంది ముందు ఒప్పుకునే ధైర్యం ఈ పిల్లకు ఉండొచ్చు. ఆ మూడొందల మందిలో ముందు వరసలో, ఇస్త్రీ చొక్కాలో, ఈ మనిషి కూర్చుంటే ఉంటుందా? ఆయన లెక్క అదీ. అంత తెలివి అణువుల మీద పెట్టి ఉంటే ఈపాటికి నిజమైన గీతే వచ్చి ఉండేది.

“పాపా,” అన్నాడు సుందర్‌రాజ్. “అమ్మకు ఇప్పుడే ఫోన్ చేస్తా. ఏం చీర కట్టుకుంటావమ్మా?”

కన్యక చీటీని సగానికి మడిచి గుప్పిట్లో పెట్టుకుంది. తలుపు దగ్గర సీతాలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“పాపా? ఏందమ్మా, మాట్లాడవు?”

“నాయనా,” అంది. “రాండి. షెడ్డులో అందరినీ తీసుకోని రాండి. కానీ నేను మాట్లాడేటప్పుడు ఎవరూ చప్పట్లు కొట్టవద్దని చెప్పండి.”

“ఏం? ఎందుకు?”

“నేను రేపు చెప్పబోయేది మంచి మాట కాదు నాయనా. నా పేరు మీద అచ్చయిన పేపరు ఉండాది కదా, మీరు ఫ్రేము కట్టించి గోడకు తగిలించినారే, అది తప్పు. అందరి ముందర అదే చెప్పబోతా ఉండా.”

సుత్తి దరువు ఆగిపోయింది. ఫోన్ చెవి నుంచి తీసి తండ్రి ఎవరినో ఊరుకోమన్నట్టున్నాడు. మళ్ళీ మాట్లాడినప్పుడు ఆ గొంతులో సంబరం లేదు.

“తప్పు చేసినావా పాపా?”

“చేసినా నాయనా. చూడనిది చూసినానని సంతకం పెట్టినా.”

కన్యక ఏడుస్తోంది, కానీ గొంతు వణకలేదు. కోపంలో అంత బలం ఉంటుందని ఆమెకు ఆ రోజే తెలిసింది. గోపాలస్వామి ముందుకు వంగి ఫోన్ వైపు చెయ్యి చాచాడు. ఆమె ఆయనకంటే ముందు దాన్ని ఎత్తి, గుండెకు ఆనించుకుని, ఒక అడుగు వెనక్కి వేసింది.

“అది తప్పని సారుకు తెలుసా అమ్మా?” అని అడిగాడు సుందర్‌రాజ్.

“సార్ నా ఎదురుగానే కూర్చుని ఉండారు,” అంది కన్యక. ఫోన్‌ను ఆయన ముఖానికి జానెడు దూరంలో పట్టుకుంది. “మీరే అడగండి నాయనా.”

గోపాలస్వామి రుమాలు తీసుకుని, తుడిచిన వేళ్ళే మళ్ళీ తుడుచుకున్నాడు.

“సార్?” అన్నాడు సుందర్‌రాజ్. “సార్, లైన్లో ఉండారా?”